హీటు ముల్లు మీది బొమ్మ

కారేపల్లి చౌరస్తాలో చాయ్ తాగే ఏ లారీ డ్రైవర్నయినా అడగండి, హీరాలాల్ ఎవరని. ముందు నవ్వుతారు. తర్వాత, "ఎవరు, ముల్లు హీరాలాలా?" అంటారు. ఇప్పుడు ఆ నవ్వు వేరు గానీ, మొన్నమొన్నటిదాకా ఆ పేరంటే మనిషికి ఎంత మురిపెమో చెప్పలేను. ఎవరైనా అట్లా పిలిస్తే గ్లాసు కింద పెట్టి, మీసం తడుముకుని, పాఠం మొదలుపెట్టేవాడు.

"డ్యాష్ బోర్డు మీద ముల్లు నువ్వు చూసేటందుకు పెట్టలే తమ్మీ, కంపెనోడు బండి అమ్ముకునేటందుకు పెట్టిండు" అనేవాడు. "డీజిల్ ముల్లు సగం చూపిస్తది, దిగి చూస్తే పావు ఉంటది. ఆయిల్ ముల్లు పొద్దంతా ఒక్క తీరుగనే ఉంటది, దానికి పానం లేదు. ఇగ హీటు ముల్లు సంగతి అడగనే అడగకు."

ఉత్త మాటలే కాదు, చేసి చూపించేవాడు. సీటు వెనక ఒక వెదురు బద్ద ఉండేది. దాని మీద కత్తితో తనే గాట్లు పెట్టుకున్నాడు. ట్యాంకులో ముంచి తీసి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి, "భద్రాచలం పోయి రావచ్చు" అనేవాడు. పోయి వచ్చేవాడు కూడా. ఇంజన్ వేడి సంగతికొస్తే డ్రైవరు సీటు పక్కనుండే ఇంజన్ కవరు మీద అరచెయ్యి ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. "నా అరచెయ్యే నా మీటరు" అనేవాడు. చౌరస్తాలో సగంమంది డ్రైవర్లు ఆయన్ను చూసే కవరు మీద చెయ్యి పెట్టడం నేర్చుకున్నారు.

ఆ పేరు రావడానికి కారణం లేకపోలేదు. హీరాలాల్‌ది కారేపల్లి దగ్గర తండా. ఇప్పుడు యాభై రెండేళ్ళు. ఇరవై నాలుగేళ్ళ వయసులో బోనకల్ చెంచురామయ్యగారి లారీ తోలేవాడు. ఆ కుటుంబం కోస్తా నుంచి వచ్చి, పొలాలు కొని, తర్వాత లారీలు కూడా కొన్నది. ఒక మధ్యాహ్నం ఇల్లెందు దగ్గర అడవిలో పోతుంటే ఇనుము కాలిన వాసన తగిలింది. హీటు ముల్లు చూస్తే సరిగ్గా నడుమ, బుద్ధిమంతుడిలా నిలబడి ఉంది. వాసనను నమ్మాలా, ముల్లును నమ్మాలా? కవరు మీద చెయ్యి పెట్టాడు, చురుక్కుమంది. బండి పక్కకు తీసి బానెట్ ఎత్తితే గుప్పున ఆవిరి. హోస్ పైపు పగిలి, నీళ్ళు దాదాపు అన్నీ కారిపోయాయి. ముల్లు మాత్రం అప్పుడు కూడా నడుమనే ఉంది.

చెంచురామయ్యగారు పదిమంది ముందు తన చేతి గడియారం తీసి హీరాలాల్ చేతికి పెట్టాడు. "నువ్వు కనిపెట్టకపోతే ఇంజన్ పోయేది రా" అన్నాడు. ఆ ఒక్కమాట మీద మనిషి ఇరవై ఎనిమిదేళ్ళు బతికాడు.

ఆయన చెప్పేదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగాన్ని పట్టుకుని మొత్తం నిజమని ఊరేగించాడు, అదీ తప్పు. సరే, ఊరేగితే ఊరేగాడు. కానీ ఆయనకు మాత్రమే తెలిసిన సంగతి ఒకటుంది. అది చెబితే గానీ ఈ కథ ముందుకు పోదు.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం. చెంచురామయ్యగారు పోయి, కొడుకు ఉదయ్ భాస్కర్ యజమాని అయ్యాడు. లారీ కూడా మారింది. జామాయిల్ కర్ర నింపుకుని గోదావరి ఒడ్డున ఉన్న కాగితం మిల్లుకు పోతున్నాడు హీరాలాల్. పాల్వంచ దాటాక ఎత్తు ఎక్కుతుంటే హీటు ముల్లు నడుమ నుంచి కదిలింది. మెల్లగా పైకి లేచింది. హీరాలాల్ నవ్వుకుని కవరు మీద చెయ్యి పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. ఏం లేదు, ఇది అబద్ధాలకోరు అనుకున్నాడు. ముల్లు ఇంకా లేచింది. ఎర్రలైటు వెలిగింది. అప్పుడు భయపడి ఆపాడు. దిగి చూస్తే రేడియేటర్‌కు గడ్డి, దుమ్ము కలిసి అట్టలు కట్టి ఉన్నాయి. గాలి ఆడడం లేదు. ఇంజన్ నిజంగానే కాలిపోతోంది.

చెయ్యి ఎందుకు మోసం చేసింది? కాళ్ళకు సెగ తగులుతోందని అంతకు వారం ముందే కవరు మీద మందపాటి మెత్త కుట్టించాడు. వేడి ఆ మెత్త దాటి చేతికి రాలేదు. అంతే సంగతి.

మరి ఆ మాట చౌరస్తాలో చెప్పాలా వద్దా? చెప్పలేదు. అడవిలో ఒక్కడే కూర్చుని పుల్లతో గడ్డి పీకి, రేడియేటర్ కడిగి, చల్లారాక బయల్దేరాడు. ఆ రోజు నుంచి కొత్త రోగం పట్టుకుంది. కళ్ళు ఊరుకోవు. తిరిగితిరిగి ముల్లు మీదికే పోతాయి. పక్కన ఇంకో డ్రైవరు కూర్చుంటే మహా ఇబ్బంది. ముల్లు హీరాలాల్ ముల్లు చూస్తున్నాడని తెలిస్తే ఇంకేమన్నా ఉందా! మెత్త తీసేద్దామంటే ఎందుకని అడుగుతారు. మరుసటి ఫిబ్రవరిలో సేవాలాల్ జయంతి రోజు మండల కేంద్రంలో స్టిక్కర్లు పంచారు. తెల్ల తలపాగా, చేతిలో జెండా, వెనక తెల్ల గుర్రం. తండాలో అందరూ సేవాభాయా అని పిలుచుకునే గురువు బొమ్మ. హీరాలాల్ దాన్ని తెచ్చి కళ్ళకద్దుకుని, హీటు ముల్లు మీద, ఎర్రలైటు కూడా కప్పేటట్టు, అంటించేశాడు.

"ఆ అబద్ధపు ముల్లును చూసేకంటే సేవాభాయాను చూస్తే పుణ్యమన్నా వస్తది" అన్నాడు చౌరస్తాలో. అందరూ భలే అన్నారు. భక్తి అనుకున్నారు. అది భక్తి కాదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలిసింది.

పోయిన వర్షాకాలం చివర్లో హీరాలాల్ కుడి కంట్లో పొర కమ్మింది. ఖమ్మం దవాఖానాలో ఆపరేషన్ చేసి, నల్లద్దాలు పెట్టి, నెలరోజులు స్టీరింగ్ ముట్టొద్దన్నారు. లారీ ఎవరికివ్వాలి? హీరాలాల్ తన అక్క కొడుకు జగదీష్ పేరు చెప్పాడు. జగదీష్‌కు ముప్పై నాలుగేళ్ళు. ఎనిమిదేళ్ళుగా వాళ్ళవీ వీళ్ళవీ ట్రాక్టర్లు తోలుతున్నాడు. పెద్దబండి లైసెన్సు తీసుకుని మూడేళ్ళయినా ఎవరూ లారీ ఇవ్వలేదు. ఉదయ్ భాస్కర్ ఒప్పుకున్నాడు. "ఈ నెల బండి శుభ్రంగా తిప్పితే, దసరాకి వచ్చే కొత్త లారీ నీకే ఇస్తాను" అని కూడా అన్నాడు. జగదీష్ భార్య మంగ్లి ఆ మాట తండాలో చెప్పని ఇల్లు లేదు.

లారీ అప్పగించే రోజు జగదీష్ సీట్లో కూర్చుని అన్నీ చూసుకున్నాడు. స్టిక్కర్ దగ్గర ఆగాడు.

"మామా, హీటు ముల్లు కనవడ్తలేదు గదా. ఫోటో జెర పక్కకు అంటిద్దామా?"

"ఏందీ? సేవాభాయాను గోర్లతోటి పీకుతవా?" అన్నాడు హీరాలాల్.

జగదీష్ చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని చెంపలు వేసుకున్నాడు. "తప్పయింది మామా."

"ముల్లు చూసి తోలేటోడు డ్రైవరే గాదు. చెయ్యి పెట్టి చూడు. నేను ముప్పై ఏండ్లు గట్లనే తోలిన."

మెత్త సంగతి చెప్పవచ్చు కదా? నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే రెండేళ్ళ కిందటి సంగతి కూడా చెప్పాల్సివస్తుంది. మింగేశాడు.

సరిగ్గా పదిహేనో రోజు పొద్దున పదిగంటలకు ఫోన్ వచ్చింది. హీరాలాల్ అప్పుడు కంటి చుక్కల మందు కోసం కొత్తగూడెంలో ఉన్నాడు.

"మామా, బండి ఆగిపోయింది" అన్నాడు జగదీష్. "పాల్వంచ దాటినంక, ఎత్తు మీద. టకటక కొట్టుకున్నది, గుంజినట్టయింది, ఆగింది. మళ్ళ స్టార్ట్ చేస్తే కదుల్తలేదు. నీకే ముందు చేసిన. సార్‌కు ఏం చెప్పాలె?"

"చెయ్యి పెట్టి చూసినవా?"

"ప్రతి ఊరికి చూసిన మామా. వెచ్చగనే ఉండె, అంతే."

హీరాలాల్ వెంటనే ఆటో మాట్లాడుకుని పోయాడు. అడవిలో రోడ్డు వారగా లోడు లారీ ఒక్కటే నిలబడి ఉంది. కింద హోస్ పైపు కొస నుంచి ఒకటొకటిగా చుక్కలు పడుతున్నాయి. జగదీష్ లేడు. నీళ్ళ డబ్బా పట్టుకుని దగ్గర్లో ఉన్న కోయగూడేనికి పోయినట్టున్నాడు. హీరాలాల్ క్యాబిన్ ఎక్కాడు. మెత్త పైకెత్తి కింద రేకును వేలితో ముట్టుకున్నాడు. వేలు కాలింది. తలెత్తితే ఎదురుగా సేవాభాయా బొమ్మ.

ఫోన్ అందుకుని యజమాని బోనకల్ నుంచి బయల్దేరాడు. వచ్చి ముందు చూసేది డ్యాష్ బోర్డే. ముల్లు మీద బొమ్మ ఎవరు అంటించారని అడుగుతాడు. గడియారం ఇచ్చిన ఇంటిమనిషి అడుగుతాడు. ఆ ఆలోచన వచ్చిందో లేదో, హీరాలాల్ గోళ్ళు బొమ్మ అంచు కిందికి పోయాయి. పీకుతావా అని ఇంకొకడిని గదమాయించిన చేతులే సర్రున పీకేశాయి. అద్దం మీద జిగురు మిగిలింది. రుమాలు తడిపి గబగబా రుద్దాడు. బొమ్మను బయట పారేద్దామని కిటికీలోంచి చెయ్యి చాపాడు గానీ మనసు రాలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కాడు.

తల తిప్పేసరికి కింద జగదీష్ నీళ్ళ డబ్బాతో నిలబడి ఉన్నాడు. డ్యాష్ బోర్డు వైపు చూశాడు. మామ జేబు వైపు చూశాడు. మామ మొహం వైపు చూడలేదు. డబ్బా కింద పెట్టి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఉదయ్ భాస్కర్ పాల్వంచలో మెకానిక్ పగిడయ్యను ఎక్కించుకుని వచ్చాడు. పగిడయ్య బానెట్ కింద దూరి, కాసేపటికి బయటికొచ్చి, "ఇంజన్ పట్టేసింది సార్. నీళ్ళు మొత్తం కారిపొయ్యేదాక నడిపిండ్రు" అన్నాడు. ఉదయ్ భాస్కర్ క్యాబిన్ మెట్టు మీద నిలబడి లోపలికి చూశాడు.

"ఏమయ్యా జగదీష్, కళ్ళెదురుగానే ఉంది కదా గేజు. చూసుకోవద్దూ? ఏం చేస్తున్నావు?"

జగదీష్ నేల చూపులు చూశాడు. "చూడలే సార్" అన్నాడు.

ఉదయ్ భాస్కర్ హీరాలాల్ వైపు తిరిగాడు. "పెద్దవాడివి నువ్వున్నావని నమ్మి ఇచ్చాను. నువ్వైనా చెప్పలేదా ఇతనికి?"

నోరు మూసుకుని ఊరుకున్నా కొంత నయం. ఊరుకోలేదు. ముప్పై ఏళ్ళు ముల్లును తిట్టిన నోరు, చౌరస్తాలో గంటలకొద్దీ పాఠాలు చెప్పిన నోరు, ఆ అడవిలో ఇట్లా అంది: "చెప్పిన సార్. ముల్లు చూసుకోమని చెప్తనే ఉన్న."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని హీరాలాల్‌కే అనిపించింది. జగదీష్ అప్పుడు తలెత్తి మామను చూశాడు. కోపంగా కాదు. ఈయన ఎవరా అన్నట్టు చూశాడు. నల్లద్దాలు ఉండబట్టి గానీ, లేకపోతే ఆ చూపు ముందు హీరాలాల్ నిలబడలేకపోయేవాడు.

లారీని పాల్వంచలో పగిడయ్య షెడ్డుకు లాక్కుపోయారు. మర్నాడు హీరాలాల్ అక్కడికి పోయి కూర్చున్నాడు. ఆయన ఆశ ఏమిటంటే, గేజు చెడిపోయి ఉండాలి. చెడిపోయి ఉంటే జగదీష్ చూసినా లాభం ఉండేది కాదు, బొమ్మ ఉన్నా లేకపోయినా ఒక్కటే. తప్పు కంపెనీ మీదికి పోతుంది, అందరూ బతికిపోతారు. జీవితమంతా అబద్ధాలకోరన్న ముల్లు ఆ ఒక్కసారి నిజంగా అబద్ధాలకోరు అయితే చాలని దేవుణ్ణి మొక్కుకున్నాడు.

"పగిడయ్యా, జెర ఆ గేజు టెస్ట్ చెయ్యరాదే."

పగిడయ్య ఇంజన్ వేడి పట్టే సెన్సర్ విప్పి, పొడుగు వైర్లు తగిలించి, స్టౌ మీద నీళ్ళ గిన్నె పెట్టి అందులో వేలాడదీశాడు. పక్కన గాజు థర్మామీటర్ పెట్టాడు. నీళ్ళు కాగుతున్నకొద్దీ క్యాబిన్‌లో ముల్లు లేచింది. నడుమకొచ్చి నిలబడింది.

"చూసినవా, ఇక్కడనే ఆగుతది ఇది!" అన్నాడు హీరాలాల్ ఆశగా.

"ఆగుతది. తొంభై కాడికెల్లి నూరు దాటేదాక నడిమిట్లనే నిలవడ్తది. జెరంత ఎచ్చుతగ్గులకే డ్రైవర్లు పరేషాన్ గావద్దని కంపెనీ గట్లనే జేసింది. నువ్వు చెప్పే అబద్ధం గదే." పగిడయ్య నీళ్ళు వంపేసి గిన్నెలో నూనె పోశాడు. "ఇప్పుడు చూడు."

నూనె నూటపది దాటింది. ముల్లు లేచింది. ఇంకా వేడెక్కింది. ముల్లు ఎర్రగీత మీదికి పోయింది, లైటు వెలిగింది. హీరాలాల్ మళ్ళీ చెయ్యమన్నాడు. పగిడయ్య విసుక్కోకుండా మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

"చిన్నదానికి నోరు తెరవదు గానీ పెద్దదానికి అబద్ధమాడదు" అన్నాడు పగిడయ్య. "మరి నీ పాత బండి అంటవా, అప్పుడు నీళ్ళు ఒక్కసారే పొయ్యి సెన్సర్ ఉత్తగాల్లో ఉండి ముల్లు లేవకపోయి ఉంటది. ఈ బండికి గట్ల గాదు, చుక్కచుక్క కారింది. పది నిమిషాలన్న ఎర్రలైటు కనవడి ఉంటది పాపం ఆ పిలగానికి. ఏం జేస్తున్నడో." తర్వాత వంగి అద్దం మీద వేలు రాశాడు. "ఇక్కడ జిగురేంది?"

"ఏమో" అన్నాడు హీరాలాల్.

ఇంటికొస్తే భార్య సోని వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. తడిసి మడతలు పడ్డ స్టిక్కర్ ఆమె చేతిలో ఉంది. "దేవుణ్ణి జేబులో కుక్కుకున్నవేందయ్యా? సబ్బునీళ్ళల్ల నానిండు" అని గట్టిగా మందలించి, మడతలు సాపు చేసి, ఆరబెట్టి, గూట్లో దీపం పక్కన నిలబెట్టింది. ఆ రోజు నుంచి హీరాలాల్ గూడు వైపు వీపు పెట్టి అన్నం తిన్నాడు.

నెల గడిచింది. కన్ను బాగైంది. ఉదయ్ భాస్కర్ ఇంకో లారీ ఇచ్చాడు. మొదటి లోడుకు దుమ్ముగూడెం వైపు జామాయిల్ తోటలోకి పోతే, కర్ర ఎత్తే కూలీల్లో జగదీష్ ఉన్నాడు. గేజు కూడా చూడని డ్రైవరని ఫోన్ గ్రూపుల్లో మాట పాకి లారీలవాళ్ళు సరే, ట్రాక్టరు వాళ్ళు కూడా రానివ్వలేదు. తల మీద తువ్వాలు చుట్టుకుని, భుజం మీద దుంగ పెట్టుకుని వస్తున్నాడు. మామను చూసి ఆగలేదు. దుంగను లారీలోకి విసిరి ఇంకోదానికి పోయాడు. లోడు అయ్యాక తనే తాడు బిగించి, లారీ వెనక డాలా తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్, మామా" అన్నాడు. ఇంకొకడైతే అందరి ముందు బండబూతులు తిట్టేవాడు. ఆ మర్యాదే హీరాలాల్‌ను చంపుతోంది.

ఆ ఆదివారం మంగ్లి ఇంటికి వచ్చింది. గడపలోనే నిలబడింది.

"మామా, నువ్వన్న అడుగు ఆయన్ను. ముల్లు ఎందుకు చూడలేదంటే చెప్తలేడు. తాగినవా అని అడిగిన. ఫోన్ చూసుకుంట తోలినవా అని అడిగిన. నా మీద ఒట్టేసుకుని లేదంటడు. మరేంది అంటే, సేవాభాయాకు తెల్సు అంటడు. అంతే. ఇగ ఒక్కమాట మాట్లాడడు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆయన తప్పు జేసిండు, సరే. నువ్వు పెద్దోడివి, సార్‌కు జెర చెప్పు మామా. నీ మాట వింటడు."

గూట్లో సేవాభాయా చూస్తున్నాడు. హీరాలాల్‌కు నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఇట్లాంటి బతుకు ఎందుకురా అని తనను తానే తిట్టుకున్నాడు. బయటికి మాత్రం, "రేపు ఇంజన్ బాగయ్యి బండి బోనకల్ వస్తది. వాణ్ణి అక్కడికి పంపు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఉదయ్ భాస్కర్ ఇంటి ఆవరణలో లారీ కడిగి, బొట్లు పెట్టి ఉంది. ఆయన లారీల డ్రైవర్లు అయిదుగురూ వచ్చారు. పగిడయ్య కొబ్బరికాయ కొట్టాడు. జగదీష్ గేటు దగ్గరే, తువ్వాలు చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. ఉదయ్ భాస్కర్ తాళంచెవి హీరాలాల్‌కు చాపుతూ మిగతావాళ్ళతో అన్నాడు: "బండంటే ఈయన చూసుకున్నట్టు చూసుకోవాలయ్యా. నాన్నగారు ఊరికే గడియారం ఇవ్వలేదు."

హీరాలాల్ తాళంచెవి అందుకోలేదు. పొద్దున గూట్లోంచి తెచ్చుకున్న బొమ్మను జేబులోంచి తీశాడు. క్యాబిన్ ఎక్కి, తలుపు బార్లా తెరిచి, అందరికీ కనిపించేటట్టు హీటు ముల్లు మీద పెట్టాడు. సబ్బునీళ్ళలో జిగురు పోయింది, అంటుకోలేదు. జారిపోతుంటే బొటనవేలితో ఒత్తి పట్టుకున్నాడు.

"సార్, గిట్ల ఉండె" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "గిట్ల ఉండె సార్. నేనే అంటిచ్చిన. పక్కకు పెడ్తనంటే జగదీష్‌ను నేనే వద్దన్న. ఆ దినం మీరొచ్చేటాల్లకు నేనే పీకిన. చూసుకోమని నేను చెప్పలే. చూడొద్దని చెప్పిన."

ఒక డ్రైవరు నవ్వబోయి మానేశాడు. హీరాలాల్‌కు మెత్త సంగతి గుర్తొచ్చింది. అది కూడా చెప్పాడు. రెండేళ్ళ కిందటి ఎండాకాలం సంగతి కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపు వేలు బొమ్మ మీది నుంచి తీయలేదు.

ఉదయ్ భాస్కర్ గేటు వైపు తిరిగాడు. "నువ్వెందుకు చెప్పలేదయ్యా?"

"ఏమని చెప్పాలె సార్?" అన్నాడు జగదీష్. "దేవుడు అడ్డమున్నడని చెప్పాల్నా? మామ అడ్డమున్నడని చెప్పాల్నా?"

ఉదయ్ భాస్కర్ తాళంచెవి తీసుకుపోయి జగదీష్ చేతిలో పెట్టాడు. తిరిగి వస్తూ హీరాలాల్ దగ్గర ఆగాడు. "నువ్వు ఇంటికి పో. నేను పిలిచేదాకా రాకు" అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆ ఇంట్లో అట్లాంటి మాట పడడం అదే మొదలు. హీరాలాల్ చేతి గడియారం విప్పి ఇవ్వబోయాడు. ఆయన తీసుకోలేదు. చూడనట్టు లోపలికి పోయాడు. అది ఇంకా కష్టంగా తోచింది.

జగదీష్ లారీ స్టార్ట్ చేశాడు. గేటు దాకా వచ్చి, నడిచిపోతున్న హీరాలాల్ పక్కన ఆపాడు.

"ఎక్కు. కారేపల్లిల దింపుతా."

హీరాలాల్ అటువైపు నుంచి ఎక్కి డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ సీట్లో కూర్చోవడం కూడా అదే మొదలు. జగదీష్ ఆయన చేతిలోంచి బొమ్మ తీసుకుని, కళ్ళకద్దుకుని, ముందు అద్దానికి పైనున్న రేకు సందులో దోపాడు. ముల్లు చుట్టూ జిగురు మరక చదరంగా, మురికిగా కనిపిస్తోంది. దారి పొడవునా హీరాలాల్ కళ్ళు ముల్లు మీదే ఉన్నాయి. దాచుకోవాల్సిన పని ఇక లేదు. ముల్లు మెల్లగా లేచి నడుమకొచ్చి నిలబడింది.

కారేపల్లి ఇంకా రెండు మైళ్ళుందనగా చిన్న ఎత్తు వచ్చింది. ముల్లు నడుమ నుంచి వెంట్రుకవాసి కదిలినట్టనిపించింది.

"ముల్లు చూసుకో" అన్నాడు హీరాలాల్. అని ఉలిక్కిపడ్డాడు. అడవిలో చెప్పానని చెప్పిన మాట నిజంగా చెప్పడం ఇప్పుడే.

జగదీష్ రోడ్డు మీది నుంచి కళ్ళు తిప్పి ముల్లు చూశాడు. మళ్ళీ రోడ్డు చూశాడు.

"చూస్తనే ఉన్న" అన్నాడు.

హీరాలాల్ ఇంకో మాట కోసం ఎదురుచూశాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి జగదీష్ ఏ మాట మాట్లాడినా చివర మామా అనేవాడు. దుంగలు మోసిన రోజున కూడా అన్నాడు. ఈసారి అనలేదు. హీరాలాల్ ఇంజన్ కవరు మీదున్న చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.